పొట్టకు పళ్ళు లేవు

నల్లవాగు సంస్థానాన్ని ఏలే చంద్రభూపతికి కొన్నాళ్ళుగా తిన్నది అరగడం లేదు. ఆ రోజు కొలువులో కూర్చున్నాడో లేదో, బ్రేవుమని త్రేన్పు వచ్చింది. కొలువంతా ఏమీ విననట్టు తలలు దించుకుంది.

"దీనికి కారణం ఎవరో ఇవాళ తేలాలి" అన్నాడు రాజు.

రాజవైద్యుడు త్రివిక్రమ శాస్త్రి ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు.

"తేలడానికేముంది ప్రభూ, ఈ శరభయ్యే కారణం. భోజనాల దగ్గర పక్కన కూర్చుని తమర్ని నవ్విస్తాడు. నవ్వితే గాలి లోపలికి పోతుంది, జఠరాగ్ని చల్లారుతుంది. ఈయన్ని పంక్తిలోంచి లేపేసి ఇంట్లో జావ తాగమనండి, అన్నీ సర్దుకుంటాయి."

శరభయ్య ఆస్థాన విదూషకుడు. హాస్యం పేరు చెప్పి ఉద్యోగం సంపాదించాడు గానీ, నిజానికి ఆయన్ని అక్కడ కట్టిపడేసింది రాజుగారి వంటశాల గారెలు. వీధిలో ముందు బొజ్జ వచ్చేది, కాసేపటికి ఆయన వచ్చేవాడు. జావ అనే మాట వినగానే ఆ బొజ్జ కూడా కాస్త లోపలికి పోయింది.

"నీ తప్పు కాదని చెప్పుకోగలవా శరభయ్యా?" అని అడిగాడు రాజు.

అసలు సంగతి శరభయ్యకు తెలుసు. రాజుగారు నమలరు. ముద్ద నోట్లో పడితే మరుక్షణం గొంతు దిగిపోవాల్సిందే. పైగా ఆయన చెయ్యి కడిగితే పంక్తిలో అందరూ లేవాలి, అది ఆ సంస్థానం మర్యాద. అందుకని కొలువు కొలువంతా గుటుక్కున మింగడం నేర్చుకుంది. సాయంత్రమయ్యేసరికి అందరూ శాస్త్రిగారి చూర్ణం కోసం బారులు తీరేవారు. కానీ ఆ మాట రాజుగారి మొహం మీద ఎవరంటారు? అన్నవాడికి జావ కూడా పుట్టదు.

"తప్పు నాదే మహారాజా," అన్నాడు శరభయ్య. "అయితే నవ్వించడం కాదు. నేను గారె నమలను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అది నా నోటిని చూసేలోపే పొట్టను చూస్తుంది."

"అయితే ఏం? నోరు ఉత్త గుమ్మం" అన్నాడు శాస్త్రి. "అరిగించేదంతా పొట్టే. నమిలి మింగావా, ముక్కగా మింగావా అని అది అడగదు."

"ఎలా పడినా ఒకటేనంటారా?"

"ఒకటే. నా మాటకు తిరుగులేదు."

శరభయ్య రాజువైపు తిరిగి చేతులు జోడించాడు. "నాకూ పొద్దుటి నుంచి కడుపుబ్బరం మహారాజా. శాస్త్రిగారి మందు ఒక మోతాదు ఇప్పించండి. పొడి మాత్రం వద్దు. అందులో వేసే శొంఠి కొమ్ము, కరక్కాయ ఉన్నవున్నట్టే తెప్పించండి, మింగేస్తాను."

శాస్త్రి కంగారుపడ్డాడు. "పిచ్చా వెర్రా? అలా మింగితే ఏం గుణమిస్తాయి? కల్వంలో ఎంత మెత్తగా నూరితే అంత బాగా ఒంటబడతాయి."

"మందుకు కల్వం కావాలంటే గారెకు అక్కర్లేదా శాస్త్రిగారూ? పొట్టకు పళ్ళు లేవే."

కొలువులో ఎవరో కిసుక్కున నవ్వారు.

"దేవుడు కల్వాన్ని నోట్లోనే పెట్టాడు మహారాజా. పళ్ళు నూరి, ఉమ్మి తడిపి పంపితే, పొట్ట పుల్లటి రసం పోసి చిలుకుతుంది. పేగుల్లో పైత్యరసం కలిసి నూనె జిడ్డు విడుతుంది, సారం నెత్తుట్లోకి ఇంకుతుంది. నాబోటి తిండిపోతు నోటి పని ఎగ్గొడితే ఆ చాకిరీ కూడా పొట్ట నెత్తినే పడుతుంది. అది పాపం త్రేన్పులతో మొరపెట్టుకుంటుంది."

"అంత తెలిసినవాడివి నువ్వెందుకు నమలవు?" అన్నాడు రాజు.

"తమరు లేచేలోపు ఇంకొక్క గారె లాగించాలనే కక్కుర్తి మహారాజా. నమిలేకొద్దీ లెక్క తగ్గిపోతుంది."

రాజు ఏదో అనబోయేసరికి మళ్ళీ త్రేన్పు వచ్చింది. ఈసారి ఆయనకు సంగతి అర్థమైంది.

"నేనంత తొందరగా లేచిపోతున్నానా?" అని కొలువును కలయజూశాడు.

వెనక నుంచి దండనాయకుడి త్రేన్పు ఒకటి వినిపించింది.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వాక ఇక కొలువును ఆపేవారెవరు?

"ఇవాళ్టి నుంచి నేను లేచినా పంక్తి లేవదు" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. "శరభయ్య చెయ్యి కడిగాకే అందరూ లేవాలి. శాస్త్రిగారు కూడాను."

"ప్రభూ," అన్నాడు శాస్త్రి నీరసంగా, "ఈయన లేచేసరికి రాత్రి వడ్డన మొదలవుతుంది."

రాజు మరింత నవ్వి, వంటవాణ్ణి పిలిపించి, పళ్ళెం నిండా వేడి గారెలు శరభయ్య ముందు పెట్టించాడు.