బూడిదలో అయిదు వలయాలు

ఆ ఎండాకాలం అడవి మొత్తానికి ఒక్క మడుగే మిగిలింది. దాని ఒడ్డున పిడుగు పడిన ఇప్పమొద్దు ఇంకా రాజుకుంటూనే ఉంది. దాని మొదట్లో ముసలి జింక ఎముకలు. వెనకటి కరువులో నీళ్ళకోసం ఎగబడి జంతువులన్నీ కలిసి తొక్కి చంపింది ఆ జింకనే. ఆ సిగ్గుతోనే, నీళ్ళకి ఎవరు ముందో ఎగబడకుండా తేల్చుకోడానికి, పరుగుపందెం మొదలైంది. మొద్దు పొగ లేస్తున్నంతకాలం ఎవరూ ఎవరినీ తినకూడదు. ఆ మాటకి గుర్తుగా జింక, కుందేలు, నెమలి, చిరుత, నక్క తలా ఒక వలయం బూడిదలో గీస్తాయి, ఒకదాంట్లో ఒకటి దూరేలా. గెలిస్తే మెడకి కానుగాకుల దండ.

నక్కకి ఆకలితో కళ్ళు తిరుగుతున్నాయి. పొద్దు వాలింది, మిగతావి పరుగు మొదలెట్టేశాయి. పొగ నేలకంటుకుని పాకుతోంది.

"తాతా, నిద్రపోయావా?" అంది వలయాలకి కాపలా ఉన్న తాబేలుతో.

"కాపలావాడికి నిద్రెక్కడిదిరా."

"మరి కళ్ళు మూసుకున్నావేం?"

"పొగకి."

నక్క మెల్లగా తోకతో తన వలయం చెరిపేసింది. వలయమే లేనప్పుడు ఇచ్చిన మాట ఎక్కడిది అనుకుంది. చుట్టూ బూడిద వెచ్చగా ఉంది గానీ, చెరిపిన చోటు మాత్రం నీళ్ళు పోసినట్టు చల్లబడింది. ఎముకల్లోంచి ఎవరో ఊపిరి పీల్చినట్టయింది. నక్క వెనక్కి చూడకుండా వెదురు పొదల మలుపుకి పోయి దారికడ్డంగా నిలబడింది.

కుందేలు అందరికంటే ముందొచ్చింది. "ఏం మామా, నువ్వు పరిగెత్తవా?"

"నేను పందెంలో లేను కోడలా. నా వలయం చెరిపేసుకున్నా. ఇక నన్ను ఆపేది లేదు."

కుందేలు పారిపోలేదు. నక్క భుజం మీదుగా వెనక్కి చూస్తూ ఉండిపోయింది. "అయ్యో మామా," అంది నెమ్మదిగా.

నక్క వెనక, పొదలు చుట్టి వచ్చిన చిరుత నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఆకు కూడా కదల్లేదు.

"పొద్దున నా పక్కనే నీళ్ళు తాగావు అల్లుడూ," అంది చిరుత. "వలయం ఉంది కదా అని వాసన కూడా చూడలేదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఆకలేస్తోంది."

నక్క మొద్దు దగ్గరికి పరిగెత్తింది. గబగబా కాలితో వలయం గీసింది. గీసినంతసేపూ వెనక నుంచి గీత బూడిదతో పూడుకుపోతోంది.

"తాతా, కలవట్లేదు."

"ఒక్కడివే గీస్తే ఎలా కలుస్తుందిరా. పక్కవాడు కాలెత్తి చోటివ్వాలి. అందరూ పందెంలో ఉన్నారు."

"నేను చెరిపింది నీకు తెలుసా?"

"కళ్ళు మూసుకున్నాను గానీ చెవులు కాదు."

"మరి ఆపలేదేం?"

"నీ మాట నువ్వు వెనక్కి తీసుకుంటే నేనెవర్ని ఆపడానికి."

పొగ ఒక్కసారిగా దట్టంగా కమ్ముకుంది. వెంటాడి వచ్చిన చిరుత అందులోకి దూరింది. లోపల ఏ చప్పుడూ లేదు. పొగ విడిపోయేసరికి తాబేలు ఒక్కటే ఉంది.

మెడలో దండతో కుందేలు వచ్చింది. "తాతా, మామేడీ?"

తాబేలు బూడిదకేసి చూపించింది. ఒకదాన్నొకటి పట్టుకున్న నాలుగు వలయాలు, పక్కన తోకతో ఊడ్చిన మరక. ఆ మరక దగ్గరికొచ్చేసరికి పొగ పక్కకి తప్పుకుని పోతోంది.

ఎదుటివాణ్ణి తినడానికి కట్టు తెంచుకున్నవాడు, తనని కాపాడే కట్టు కూడా అదేనని ఆలస్యంగా తెలుసుకుంటాడు.