ఏడు జతల వాల్వులు

విరూపాక్షికి నాలుగు నెలలుగా కుదురు లేదు.

ఆదోనిలో లెక్కల మాస్టరు. రేడియోలు బాగుచేసే పీరా సాహెబ్ దగ్గర రెండేళ్లు కూర్చుని, టంకం పెట్టడం నేర్చుకుని, సొంత చేతులతో ఒక గాజు వాల్వుల ఆంప్లిఫయర్ కట్టుకున్నాడు. సాయంత్రం భార్య నాగరత్నతో కలిసి పాత రికార్డులు వినేవాడు. అంతా బాగానే ఉండింది. అందులో ఒక వాల్వు మాడిపోయిన రోజు నుంచి మొదలైంది గొడవ.

కొత్త జత తెప్పించాడు. మృదంగం అణిగిపోయినట్టనిపించింది. ఇంకో జత తెప్పించాడు. ఫిడేలు కీచుమంది. ఇప్పటికి ఏడు జతలు. ఈమధ్య స్పీకర్ల మీదా, వైర్ల మీదా కూడా అనుమానం పట్టుకుంది. బడిలో బోర్డు మీద లెక్క చేస్తున్నా చెవిలో ఎడమ స్పీకరే.

"మీటరు పెట్టి చూస్తే రెండూ సమానమే సాబ్. చెవి ఒప్పుకోవడం లేదు," అన్నాడు సాహెబ్ అంగడికి పోయి.

"ఆదివారం వస్తాలే," అన్నాడు సాహెబ్.

అన్నట్టే ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు, చేతిలో గుడ్డసంచితో. విరూపాక్షి వీణ రికార్డు పెట్టాడు. రెండు నిమిషాలు కాకముందే లేచాడు. "విన్నారా సాబ్, ఎడమవైపు పల్చగా లేదూ?" ఆపి, వాల్వులు చల్లారేదాకా గోళ్లు కొరుక్కుని, గుడ్డతో పట్టి మార్చి, మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. మళ్లీ లేచాడు. ఇలా నాలుగుసార్లు.

సాహెబ్ టీ తెచ్చిన నాగరత్నను అడిగాడు. "నీకు ఏది బాగుందమ్మా?"

"పాట అయ్యేదాకా ఎప్పుడు పెట్టారు సాబ్, నేను చెప్పడానికి?" అని ఆమె లోపలికి పోయింది.

విరూపాక్షి మొహం చిన్నబోయింది. అయినా ఇంకో జత మార్చి ముల్లు పెట్టాడు.

అప్పుడు సాహెబ్ సంచిలోంచి చిక్కుపడిన రాగితీగ తీశాడు. ట్రాన్స్‌ఫార్మర్‌కు చుట్టే తీగ, వెంట్రుకంత సన్నం.

"నా చేతులు వణుకుతాండాయప్పా. కాస్త పట్టుకో."

"ఇప్పుడా సాబ్?"

"ఇప్పుడే."

విరూపాక్షి రెండు చేతులూ చాపాడు. సాహెబ్ తీగను ఆ చేతులకు తగిలించి, ఎదురుగా కూర్చుని, కొస దొరకబుచ్చుకుని చెక్క రీలుకు చుట్టడం మొదలుపెట్టాడు.

"కదలద్దు. తెగుతుంది."

ఎడమ స్పీకరు పల్చగానే ఉంది. లేవబోయాడు. తీగ బిగిసింది. కూర్చున్నాడు. కాలు దానంతటదే ఊగింది. దాన్ని ఆపుకున్నాడు. ఎదురుగా సాహెబ్ తొందరేమీ లేకుండా చుడుతున్నాడు.

తీగ జారుతోంది. వీణ నెమ్మదిగా కిందికి దిగి, ఒకచోట ఆగి, ఆ ఆగినచోటే కాసేపు ఉండి, మళ్లీ లేచింది. అంత దూరం ఆ రికార్డును అతను ఈ నాలుగు నెలల్లో రానివ్వలేదు. మృదంగం ఎప్పుడు కలిసిందో తెలియలేదు. నాగరత్న ఎప్పుడు వచ్చి గడప దగ్గర కూర్చుందో కూడా తెలియలేదు.

ముల్లు చివరి గీతలోకి పోయి గరగరమంది. చేతుల మీద తీగ లేదు. ఎప్పుడయిపోయిందో! అయినా విరూపాక్షి చేతులు చాపే ఉంచాడు.

సాహెబ్ చెక్క రీలు సంచిలో వేసుకుని లేచాడు.

"ఇప్పుడు ఆడింది ఏ జతప్పా?"

విరూపాక్షి బల్ల మీది వాల్వుల డబ్బాల వైపు చూశాడు. ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

"తెలీదు సాబ్."

"అట్లయితే దాన్నే ఉండనీ," అని సాహెబ్ చెప్పులు తొడుక్కున్నాడు.