నక్క నోరు తెరిచిన రోజు

వరి కోతలు అయిపోయాక సరస్సు ఒడ్డు పొలాల్లో రాలిన గింజంతా బాతులదే. మంగతాయి ఆ ఏడు కూడా తన బాతుల మందను అక్కడికే తోలుకొచ్చింది. మందకు పెద్ద బొల్లమ్మ. మెడ మీద తెల్ల మచ్చ ఉన్న బాతు. ఆమె గొంతెత్తితే అవతలి ఒడ్డున మేసే గేదె కూడా తల తిప్పి చూసేది.

చలి మొదలవగానే ఉత్తరం నుంచి సూదితోక బాతులు దిగాయి. వాటికో ఆచారం ఉంది. కొత్త ఒడ్డున దిగగానే మొదట ఎవరు పలకరిస్తే ఆ చలికాలమంతా వాళ్లే చుట్టం. చుట్టం చేసింది చేస్తాయి, వద్దన్నది మానేస్తాయి. ఈ సంగతి సన్నాసి అనే నక్కకు తెలుసు. అందుకే అవి దిగే వేళకు రెల్లు పక్కన వినయంగా నిలబడ్డాడు.

"దూరాభారం నుంచి వచ్చారు. ముందు కాళ్లు కడుక్కోండి!" అన్నాడు.

నీళ్లలో తేలుతున్న బాతులను కాళ్లు కడుక్కోమన్నవాడు లోకంలో అతనొక్కడే. అయినా ఆచారం ఆచారమే. నక్క చుట్టమైపోయాడు.

ఏటా ఆ రోజుల్లో పశువుల డాక్టరమ్మ వచ్చి ఒడ్డున వల పన్నేది. చిక్కిన పిట్ట నోట్లో దూదిపుల్ల తిప్పి, దాన్ని సీసాలో దాచి, పిట్ట కాలికి చిన్న కడియం వేసి వదిలేసేది. వలస గుంపు వెంట బాతుల జబ్బు వచ్చిందో లేదో పుల్ల చెప్పేది.

"ఆ పుల్ల దగ్గరికి పోయేరు, జాగ్రత్త!" అన్నాడు సన్నాసి. "అది రుచి చూసే పుల్ల. రుచి కుదిరిందా, గుర్తుకి కాలికి కడియం. కడియం పడిందా, ఇక పులుసే."

సూదితోకలు వల ఛాయలకు పోవడం మానేశాయి. డాక్టరమ్మ ఖాళీ వల ముందు కూర్చుని కూర్చుని, రేపు సర్దేసుకుందామని పక్కనున్న మనిషితో అంది. ఆ మాట బొల్లమ్మ చెవిన పడింది. గబగబా ఈదుకుంటూ సూదితోకల పెద్ద ఉత్తరయ్య దగ్గరికి పోయి, కాస్త ఎడంగా ఆగింది.

"అన్నయ్యా, ఒక్కసారి ఆమె ముందు నోరు తెరవరాదూ?"

"ఎందుకు చెల్లెమ్మా? కొండలు దాటి వచ్చాం. మాలో ఒక్కడైనా దగ్గుతున్నాడా?"

"మీకేం కాకపోవచ్చు. ఆ జబ్బు మీ ఒంట్లో చుట్టంచూపుగా ఉండి పోతుంది. మా ఒంట్లో అయితే ప్రాణం తీసిగానీ పోదు. నిరుడు పక్క చెరువుకు డాక్టరమ్మ పోలేదు, అక్కడి మందను ఎవరూ పుల్ల పెట్టి చూడలేదు. తెలిసేసరికి బాగున్నవాటితో సహా అన్నిటినీ గుంటలో పోసి సున్నం చల్లారు. మా అక్క అందులోనే ఉంది. ముందే తెలిస్తే మంగతాయి మమ్మల్ని ఇక్కణ్ణుంచి తోలుకుపోయేది కదా!"

ఉత్తరయ్య ఇంకాస్త వెనక్కి జరిగాడు. "మాకు తెలియదమ్మా. కానీ చుట్టం వద్దన్న పని చేస్తే గుంపు నా మాట వినదు. చుట్టం నోరు తెరిస్తే మేమూ తెరుస్తాం."

బొల్లమ్మ వెనక్కి వస్తుంటే బురదలో పడుకున్న గేదె మాణిక్యం నెమరు ఆపింది.

"ఏంటే, మొహం అలా వేలాడేశావ్?"

"ఆ నక్కతో నోరు తెరిపించాలి వదినా."

"వాడికి మూయడమే రాదు కదే! పొద్దున రెల్లులో చచ్చిన బాతు దొరికితే నా ముక్కు ముందే నమిలాడు. జబ్బొస్తే మంచిదట, వేటాడే పనుండదట. మళ్లీ ఆ తెలివికి వాడే నవ్వుకున్నాడు."

బొల్లమ్మ తోక టకటకా ఆడింది. నేరుగా పోయి, నక్కకు అందనంత దూరంలో నిలబడింది.

"నక్క మావా, ఒంట్లో కులాసాయేనా?"

"నాకేం? రాయిలా ఉన్నా."

"మీసానికి ఈక అంటుకుందిలే."

సన్నాసి చటుక్కున నాకేసుకున్నాడు.

"అయ్యో, మింగేశావా! నిరుడు జబ్బు బాతులను పూడ్చిన గుంట తవ్వి తిన్న మీవాణ్ణి ఈ కళ్లతో చూశా మావా. తల ఒక పక్కకి వాలిపోయి, గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయాడు పాపం."

"నా... నా తల నిటారుగానే ఉందిగా?"

బొల్లమ్మ మెడ వంచి అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి చూసింది. "ఉన్నట్టే ఉంది. కాస్త ఎడమకేమో... నా కళ్లే సరిగా లేవేమోలే."

నక్క తల కుడికి తిప్పాడు. మరీ తిరిగిపోయిందనిపించి ఎడమకి తిప్పాడు. "చచ్చాను! నాకు పట్టిందో లేదో ఎవరు చెప్తారే?"

"పుల్లే చెప్పాలి. కానీ అది రుచి చూసే పుల్ల కదా, నీకెందుకు మావా?"

"రుచీ లేదు, పులుసూ లేదు! ఆ మాట పుట్టించింది నేనే!" అంటూ సూదితోకల మధ్య నుంచి నీళ్లు చిమ్ముకుంటూ పరుగెత్తి, డాక్టరమ్మ ముందు చతికిలబడి, దవడలు నొప్పెట్టేలా నోరు తెరిచాడు.

ఆమె ముందు బెదిరింది. తర్వాత పగలబడి నవ్వి, మందపాటి చేతితొడుగు వేసుకుని పుల్ల తిప్పింది.

"చుట్టంగారు నోరు తెరిచారు!" అని కేక వేశాడు ఉత్తరయ్య. ఆ పూట వల నిండింది.

కొన్నాళ్లకు పుల్లలు చెప్పాయి: సూదితోకల వెంట జబ్బు వచ్చింది. డాక్టరమ్మ మంగతాయి దగ్గరికి పరుగున వచ్చింది. మంద అదే రోజు సరస్సుకు దూరంగా మెట్ట మీది పాకకు చేరింది. ఒక్క పిల్ల కూడా తల వాల్చలేదు. వలస బాతులను ఎవరూ తరమలేదు. ఎడంగా ఉంటే చాలని డాక్టరమ్మ ఊరందరికీ చెప్పింది.

నక్కకు జబ్బు లేదని తేలింది. కాకపోతే ఎక్కడెక్కడ తిరుగుతున్నాడో చూద్దామని అతని మెడకు ఎర్రటి పట్టీ కట్టారు. అది పొలం అవతల నుంచే కనిపిస్తుంది. "చుట్టంగారొస్తున్నారు!" అని ఒక బాతు అంటే చాలు, ఒడ్డంతా ఖాళీ. సన్నాసి అప్పటి నుంచి పీతలు తవ్వుకుని బతుకుతున్నాడు.

మరుసటేడు సూదితోకలు ఇంకా నీళ్లను తాకకముందే, దూరంగా మెట్ట మీద నుంచి ఒక గొంతు మోగింది.

"రండి అన్నయ్యా! కాళ్లు కడుక్కోమని అననులే. ముందు నోరు తెరవండి!"

నీతి: మనం ఏం మోసుకొస్తున్నామో మనకే తెలియనప్పుడు, చూసి చెప్పేవాళ్లకు భయపడకూడదు.