పగవాడి దోనె

పూర్వం, నల్లమల కొండలు పల్చబడి పొలాలలో కలిసిపోయే సీమలో గంటిమిట్ట అనే గ్రామం ఉండేది, ఇప్పటికీ ఉన్నది. దానికి పడమట ఎర్రబండల గుట్ట ఒకటి, ఆ గుట్ట నెత్తిన బండలోనే సహజంగా ఏర్పడిన నీటిగుంట ఒకటి కనిపిస్తాయి. అటువంటి గుంటను ఆ ప్రాంతంవారు దోనె అంటారు. నేడు దాని గట్టున సున్నం వేసిన సిలువ, చిన్న ప్రార్థనామందిరం, ఏటేటా ఎండాకాలంలో ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు గానీ, ఈ వృత్తాంతం జరిగిననాడు అక్కడ తొండలు తప్ప మరొక ప్రాణి నిలిచేది కాదు. ఆ స్థలానికి పవిత్రత ఏ మహర్షి తపోబలంవల్లనో, ఏ ప్రభువు దానశాసనంవల్లనో సంక్రమించలేదు. పరీక్షలో మూడుమార్లు తప్పిన ఒక మొండి ముసలిదానివల్ల సంక్రమించింది.

ఆమె పేరు సుంకులమ్మ. ఆమె పెనిమిటి ఓబయ్య డప్పు వాయించడంలో ఆ చుట్టుపక్కల సాటిలేనివాడు. క్రీస్తుబోధ మాదిగపల్లెకు వచ్చిన తొలి సంవత్సరంలోనే అతడు బాప్తిస్మం పొంది, ఇకమీదట జాతరలో డప్పు పట్టనని ఊరిపెద్ద బసివిరెడ్డితో చేతులు కట్టుకొని విన్నవించుకొన్నాడు. ఎంత వినయంగా చెప్పినా పెద్దల చెవికి ధిక్కారం ధిక్కారమే కదా! రెడ్డి మనుషులచేత కొట్టించాడు. డప్పు వాయించే కుడిచెయ్యి విరిగింది. ఆ చెయ్యి చీముపట్టి, జ్వరం కమ్మి, నెల తిరగకముందే ఓబయ్య కన్నుమూశాడు. రెడ్డి అంతటితో శాంతించక, తన బావినుంచి పల్లెవాళ్ళ కుండల్లో ఒక్క చేద నీళ్ళు కూడా పోయకూడదని కట్టడి చేశాడు. అది మొదలు పల్లె ఆడవాళ్ళు గుట్టెక్కి దోనె నీళ్ళు ముంచుకోవలసి వచ్చింది. దారి లేదు, మెట్లు లేవు. ఒక చేత్తో కుండ, ఒక చేత్తో బండ పట్టుకొని దిగడమే.

ఓబయ్యను విశ్వాసుల సమాధుల దొడ్డిలో ఉంచారు. అతని పక్కన ఒక మనిషికి సరిపడే చోటు ఖాళీగా ఉండేది. సుంకులమ్మకు ఈ లోకంలో మిగిలిన కోరిక ఆ చోటే. కాని బాప్తిస్మం పొందనివారికి ఆ దొడ్డిలో ప్రవేశం లేదని అప్పటి నియమం. బాప్తిస్మం ఇవ్వడానికి పాదిరి మత్తయి అయ్యగారు ఏడాదికొక్కమారు జంటెడ్ల బండిలో వచ్చేవారు. ముందుగా ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకొని ప్రశ్నలడిగేవారు. సుంకులమ్మకు చదువు రాకపోయినా జ్ఞాపకశక్తి అమోఘం. పది ఆజ్ఞలనూ తడుముకోకుండా చెప్పేది. పరలోకప్రార్థన కూడా సగందాకా గడగడా చెప్పి, మనకు కీడు చేసినవారిని మనం క్షమించామన్న మాట వచ్చేసరికి ఠక్కున ఆగిపోయేది.

"మరిచిపోయావా అమ్మా?" అని మొదటి ఏడు అయ్యగారు అడిగారు.

"మరవలేదయ్యగారూ, నోటికొచ్చు. ఆ మాట మాత్రం నేననను. రెడ్డిని నేను క్షమించలేదు. క్షమించినానని దేవుడి ముందర కూచోని అబద్ధమాడమంటారా?"

రెండో ఏడూ అంతే, మూడో ఏడూ అంతే. ఆ పల్లె ఉపదేశి జక్కరయ్య మంచివాడే గానీ కంగారు మనిషి, తల పట్టుకొని, "పెదాలతో అనేస్తే పోతుంది గదమ్మా, నీ బాధ దేవుడికి తెలవదా?" అని బతిమాలాడు. "తెలుసు గనకనే అననంటున్నా," అన్నది ఆమె. అయ్యగారు నిట్టూర్చి, పై ఏడు తాను చివరిమారు వస్తాననీ, ఆ తరువాత తనను తూర్పుసీమకు పంపుతున్నారనీ, తన స్థానంలో వచ్చేవారు ఎప్పుడు వస్తారో చెప్పలేననీ తెలియజేసి బండెక్కారు.

ఆ పై ఏడు వానలు మొహం చాటేశాయి. రెడ్డి బావితో సహా ఊళ్ళో బావులన్నీ అడుగంటాయి. గుట్టమీది దోనెలో మోకాటిబంటి నీళ్ళు మిగిలాయి. అది చాలదన్నట్టు ఊళ్ళోకి మశూచి వచ్చింది. బసివిరెడ్డికి ఒళ్ళంతా పోసింది. ఇంటిల్లిపాదీ భయపడి, ఆయనను గుట్ట కింద చేని గుడిసెలో వేపాకు పరిచి పడుకోబెట్టి, ఒక పాలేరును కాపలా పెట్టి, బండ్లు కట్టుకొని పొరుగూరు వెళ్ళిపోయారు. రెండోనాడు పాలేరూ పత్తా లేడు.

సుంకులమ్మ కుండతో గుట్ట దిగి వస్తుండగా గుడిసెలోనుంచి మూలుగు వినిపించింది. తొంగి చూసింది. మొహం గుర్తు పట్టరాకుండా ఉన్నా ఆ గొంతు ఆమె మరిచేది కాదు. "నీళ్ళు," అన్నాడు. ఆమెకు లోపల చల్లగా, హాయిగా అనిపించింది. ఇందులో దాచవలసినది ఏమీ లేదు. ఇన్నాళ్ళకు దేవుడు కళ్ళు తెరిచాడనుకొని ముందుకు సాగింది. పది అడుగులు వేసింది. పదకొండో అడుగు పడలేదు. ఎందుకు పడలేదో తరువాత ఎంతమంది అడిగినా ఆమె చెప్పలేకపోయింది. చిన్ననాడే మశూచి పోసి బతికిన మనిషి గనుక రోగభయం ఆమెకు లేదు. ఆమెకున్నదల్లా కోపం. ఆ కోపంతోనే వెనక్కి వచ్చి, ఆయన తల ఎత్తి పట్టుకొని, దోసిలితో నీళ్ళు పోసింది.

"తాగు! నీ చేతులు పడిపోను, తాగు! బంగారమట్టాంటి మొగుణ్ణి మింగావు. ఇంత తొందరగా చావనిస్తానా నిన్ను? తాగు!"

ఆ విధంగా తిట్టుకొంటూనే ఆ దినమంతా ఆమె సేవ చేసింది. సాయంత్రం పల్లెకు వెళ్ళబోతే జక్కరయ్య పొలిమేరలోనే అడ్డుకొన్నాడు. దూరంగా నిలబడి, "తల్లీ, పల్లెలో పసిబిడ్డలున్నారు. ఆ గుడిసె గడప తొక్కినదానివి నలభై నాళ్ళు ఇటు రాకూడదు. ఆదివారం అయ్యగారు వస్తున్నారు. ఇప్పుడే ఆ మనిషిని విడిచిపెట్టి, స్నానం చేసి చింతతోపులో ఉండు. నాలుగునాళ్ళలో ఏమీ కాకుంటే ఎలాగో ఒప్పించి పరీక్షకు కూర్చోబెడతాను. మళ్ళీ అటు వెళ్ళావా, నావల్ల కాదు," అన్నాడు. అతని మాటలో దోషం లేదు.

సుంకులమ్మ అక్కడే ఒక బండమీద కూలబడి భోరున ఏడ్చింది. పగవాడి ప్రాణం ఒకవైపు, ఓబయ్య పక్కన ఆరడుగుల చోటు ఒకవైపు. రెండింటిలో ఏది వదులుకోవాలని ఉందో ఆమెకు స్పష్టంగా తెలుసు, ఏది వదులుకోబోతున్నదో కూడా తెలుసు, అందుకే ఏడ్చింది. తరువాత కళ్ళు తుడుచుకొని కుండ ఎత్తుకొన్నది. "ఎవరికమ్మా ఆ కుండ?" అని జక్కరయ్య తెలిసీ అడిగాడు. "పగవాడికి," అని వెనక్కి చూడకుండా గుట్ట ఎక్కింది.

ఆదివారం అయ్యగారు వచ్చారు. పరీక్షకు పన్నెండుమంది కూర్చొన్నారు. సుంకులమ్మ ఏదీ అని అడిగితే జక్కరయ్య తల వంచుకొని జరిగినదంతా చెప్పాడు. అయ్యగారు చేతిలోని పుస్తకం మూసి, చెప్పులు తొడుక్కొని, ఎర్రటి ఎండలో గుడిసె దగ్గరకు నడిచారు. పల్లె పల్లెంతా దూరందూరంగా ఆయన వెనక నడిచింది. సుంకులమ్మ అప్పుడే కుండతో దిగి వస్తున్నది. అయ్యగారిని చూసి, "దగ్గరికి రావద్దయ్యగారూ!" అని కేకవేసి ఆగింది.

"అమ్మా, ఆ మాట ఇప్పుడైనా చెప్పగలవా?" అని ఆయన అడిగారు.

ఒక్క ముక్క చెబితే చాలు, అన్నీ చేతికి అందేవి. ఆమె గుడిసె వంక చూసింది, తనలోకి చూసుకొన్నది. "ఇంకా రాలేదయ్యగారూ. కోపం అట్టాగే ఉంది. పొద్దున గూడా తిట్టినాను. ఏమనుకోవద్దు, ఆయనకు దప్పికగా ఉంది, నేను పోవాల."

అయ్యగారి కళ్ళు నిండాయి. ఆయన పరీక్షకు కూర్చొన్న పన్నెండుమంది వైపు తిరిగి, "మీరందరూ ఆ మాట తప్పు లేకుండా చెప్పారు. మీకు చెప్పించినవాణ్ణి నేను. ఆమె చెప్పకుండా చేస్తున్నది," అన్నారు. బాప్తిస్మానికి ఆ కుండలో నీళ్ళు కావాలని అడిగితే, అవి రోగికని ఆమె ఇవ్వలేదు. అప్పుడు అరవై ఏళ్ళ ఆ పెద్దమనిషి చేతులతో బండలు పట్టుకొని తానే గుట్ట ఎక్కి, రోగికి నీళ్ళు పోసి వచ్చిన ఆమెకు ఆ దోనె గట్టునే బాప్తిస్మం ఇచ్చారు. మోకాటిబంటి ఉన్న నీళ్ళు తొలకరి కురిసేదాకా, ఊరూ పల్లే కలిసి ముంచుకొన్నా, ఆ మోకాటిబంటినుంచి దిగలేదని పెద్దలు చెబుతారు. కొలిచి చూసినవారు లేరు; దప్పికతో చచ్చినవారూ లేరు.

బసివిరెడ్డి బతికాడు. ఆయన మతం మార్చుకోలేదు, పల్లెకు వెళ్ళి ఆమెను క్షమాపణ అడిగాడని కూడా ఎవరూ చెప్పరు. ఒంట్లో సత్తువ వచ్చాక వడ్డెవారిని పిలిపించి గుట్టకు మెట్లు తొలిపించాడు. నూటనాలుగు మెట్లు, నేటికీ చెక్కుచెదరలేదు. సుంకులమ్మ మరి తొమ్మిదేళ్ళు బతికి ఓబయ్య పక్కన చేరింది. ఆ మాట ఆమె చివరికి అన్నదా లేదా అన్నదానికి ఎవరివద్దా సాక్ష్యం లేదు.

ఆ దోనెను ఇప్పుడు పగవాడి దోనె అంటారు. గంటిమిట్టలో బాప్తిస్మం కోరినవారు, రెడ్లయినా మాదిగలైనా, ఆ ముందు శనివారం దోనెనుంచి కుండ నింపుకొని, ఊళ్ళో తమకు మాటల్లేని ఇంటి గడపకు మోసుకొనిపోయి, ఆ ఇంటివారు దోసిలి పట్టేదాకా నిలబడాలి. కొందరికి పొద్దు వాలేదాకా తలుపు తెరుచుకోదు. నిలబడినంతసేపూ తిట్టుకోవడానికి అడ్డు లేదు. కుండ వెనక్కి మోసుకుపోవడానికి మాత్రం వీల్లేదు.