బొమ్మలోకి వచ్చిన చేతులు

అనగనగా ఒక ఊరుందమ్మడూ. ఆ ఊరికి చక్రాలున్నాయి. ఇవాళ ఇక్కడుంటే, మళ్ళీ వారం ఇంకోచోట. ఏ ఊరో తెలిసిందా? సర్కస్ ఊరు.

ఆ సర్కస్‌లో పారిజాతమని ఒక పిల్ల. ఎత్తున కట్టిన ఉయ్యాల మీంచి గాల్లోకి ఎగిరేది. అవతలి ఉయ్యాలకి మోకాళ్ళు తగిలించుకుని నాంచారమ్మ తలకిందులుగా వేలాడేది. ఎగిరొచ్చిన పిల్లని చేతులు చాచి పట్టుకోవడం ఆవిడ పని. పారిజాతం నీ అంత ఉన్నప్పట్నించీ ఆ చేతుల్లోకే ఎగురుతోంది. ఒక్కనాడూ జారనివ్వలేదు తల్లి.

కానీ జనం కళ్ళన్నీ ఎగిరే పిల్ల మీదేగా. పట్టే మనిషిని ఎవరు చూస్తారు? అప్పుడు యజమాని ఆదెయ్యకి ఒక పాడు ఆలోచన వచ్చింది. నాంచారమ్మ కోసం ఎవరూ రావట్లేదు, వేలాడటానికి ఎవరైతేనేం, ఈసారి డేరా ఎత్తినప్పుడు ఆవిణ్ణి ఇక్కడే వదిలేసి పోదామన్నాడు. పారిజాతం బతిమాలింది. వినలేదు. నాంచారమ్మ మాత్రం ఉండనివ్వమని అడగలేదు. అడిగి తెచ్చుకునే గౌరవం గౌరవమా అనుకుందో ఏమో.

ఆ తర్వాత ఆదెయ్య, బొమ్మలు వేసే కుసుమని పిలిపించాడు. గుమ్మం దగ్గర పెట్టడానికి కొత్త బొమ్మ కావాలి, అందులో పారిజాతం ఒక్కతే ఉండాలి అన్నాడు. కుసుమ దగ్గర అక్రిలిక్ రంగులున్నాయి. నీళ్ళతో కలుపుతారు, చిటికెలో ఆరిపోతాయి. తప్పొస్తే దాని మీదే ఇంకో రంగు వేసెయ్యొచ్చు.

నీలాకాశంలో చేతులు చాచిన పారిజాతాన్ని వేసింది కుసుమ. అందరూ ఆహా అన్నారు.

ఆ సర్కస్ వాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. గుమ్మం దగ్గరి బొమ్మని తాకి కళ్ళకద్దుకున్నాకే పైకెక్కాలి. బొమ్మ ఎలా ఉంటే ఆట అలా నడుస్తుందని వాళ్ళ నమ్మకం. పారిజాతం వచ్చింది, చూసింది, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇందులో నేను ఎగరట్లేదు బాబాయ్. పడిపోతున్నాను," అంది ఆదెయ్యతో.

నిజమేగా మరి. అందుకునే వాళ్ళు లేకపోతే ఎగరడమేంటి, పడటమేంటి?

అప్పుడు ఆదెయ్య బొమ్మలో పిల్ల కింద ఒక వల వేయించాడు. వల వేశారంటే పడటం ఖాయమనేగా అంది పారిజాతం. కుసుమ వలని నీలంతో కప్పేసింది. ఆ తర్వాత ఆదెయ్య రెండు రెక్కలు పెట్టించాడు. అవెంత బావున్నాయో.

"రెక్కలుంటే నాకు నాంచారత్త ఎందుకు?" అంది పారిజాతం.

"నేననేదీ అదేగా," అన్నాడు ఆదెయ్య.

"అయితే ఆ రెక్కలు తెచ్చి నా వీపుకి కట్టు. ఇప్పుడే ఎక్కుతాను."

ఆదెయ్య గుమ్మం వైపు తొంగి చూశాడు. బయట జనం పోగవుతున్నారు. అప్పుడు కుసుమ ఎవర్నీ అడగలేదు. రెక్కల మీద నీలం పూసేసి, నాంచారమ్మని ఎదురుగా నిలబెట్టింది. నా చేతులకేం బొమ్మ తల్లీ అని ఆవిడ సిగ్గుపడింది. కుసుమ వినలేదు. మణికట్టుకి చుట్టిన గుడ్డ పీలికలు, అరచేతుల్లో కాయలు, పట్టు జారకుండా పూసుకున్న తెల్లటి పొడి, అన్నీ వేసింది. పైనుంచి దిగిన ఆ చేతులు పిల్ల చేతుల్ని అందుకున్నాయి.

పారిజాతం బొమ్మలో తన మొహాన్ని తాకలేదు. ఆ చేతుల్ని తాకి కళ్ళకద్దుకుంది.

ఇంతలో ఒక ముసలావిడ టిక్కెట్ల దగ్గరికొచ్చి, ఆ చేతులావిడ ఇవాళ ఆడుతుందా అని అడిగింది. ఆవిడ వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక ఇంకొకరు, అందరిదీ అదే ప్రశ్న.

ఆదెయ్య బొమ్మ వంక చూశాడు. నాంచారమ్మ వంక చూశాడు. తలొంచుకున్నాడు.

"ఆడుతుంది," అన్నాడు. "ఇవాళా ఆడుతుంది, పై ఊళ్ళోనూ ఆడుతుంది."

ఆ సాయంత్రం పారిజాతం ఎగిరింది. జనం ఈసారి రెండు ఉయ్యాలల వంకా చూశారు. చేతులు చేతుల్ని పట్టుకోగానే పారిజాతం అంది, "ఇన్నేళ్ళూ పట్టుకున్నందుకు దణ్ణం అత్తా."

"కబుర్లు కిందకెళ్ళాక చెప్పు, మోకాళ్ళు లాగుతున్నాయి," అని కసిరింది నాంచారమ్మ. కానీ ఏడుస్తోందమ్మడూ. తలకిందులుగా ఉంది కదా, కన్నీళ్ళు బుగ్గల మీదికి రాలేదు. నుదుటి మీదికి జారి, జుట్టులోకి ఇంకిపోయాయి.

కథ పోయె కంచికి,
మనం పోదాం మంచానికి.
చప్పట్లు ఎగిరే పిల్లకి,
దణ్ణాలు పట్టే తల్లికి.