గ్రహం కాబోయిన రణధీర భూపతి

మణిసీమ అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్నేలే రణధీర భూపతి మంచివాడే, కాదనను. పేరు పిచ్చి ఒక్కటే ఆయన్ని పట్టి పీడించేది. చెరువుకు ఆయన పేరే, ఏనుగుకు ఆయన పేరే. వంటవాడు కొత్తరకం బూరె వండినా దానికీ ఆయన పేరే!

ఒకసారి ఓడ వర్తకుడొకడు ఆకాశాన్ని చూసే గొట్టం కానుకగా తెచ్చాడు. ఆస్థాన పండితుడు యజ్ఞనారాయణ సిద్ధాంతి దాన్ని కొండమీది వేధశాలలో నిలబెట్టి చూస్తే, అంతవరకూ ఎవరూ చూడని చుక్క ఒకటి మెల్లగా కదులుతూ కనిపించింది. కబురు రాజుగారి చెవిన పడింది. ఇంకేముంది!

"గ్రహాలు ఇక తొమ్మిది కాదు, పది! పదోది రణధీర గ్రహం" అని ప్రకటించేశాడు. గుడిలో పెట్టడానికి విగ్రహం కూడా చెక్కించేశాడు, తన మీసాలతో సహా.

సిద్ధాంతి చేతులు జోడించాడు. "మహారాజా, అది గ్రహం కాదు."

"ఎందుకు కాదయ్యా? సూర్యుడి చుట్టూ తిరగడం లేదా?"

"తిరుగుతోంది ప్రభూ."

"గుండ్రంగా లేదా?"

"సున్నుండలా ఉంది."

"మరింకేం లోటు?"

"దాని దారి దానిది కాదు ప్రభూ. అదే దారిలో దానిలాంటివి, అంతకన్నా చిన్నవి బోలెడు తిరుగుతున్నాయి. గ్రహమన్నది తన బరువుతో తన దారిని ఖాళీ చేసుకోవాలి. గురుడు చేసుకున్నాడు, శని చేసుకున్నాడు. ఇది చేసుకోలేదు."

"కంటికి కనబడని రాహుకేతువులు గ్రహాలట! కనబడేది కాదట!"

"అది జాతకాల లెక్క ప్రభూ. నేను చెప్పేది ఆకాశం లెక్క."

రాజుగారి ముఖం కందగడ్డ అయింది. "రేపే ప్రతిష్ఠ. జనం ముందు నీ నోటితోనే ఇది గ్రహమని చాటాలి. లేదా వేధశాల వదిలి, రాజ్యం వదిలి పో!"

పాపం, ఆ కొండమీదే ఆయన జుట్టు నెరిసింది. అబద్ధమాడదామంటే నోరు రాదు, కొండ దిగితే బతుకు లేదు. మూట కట్టుకుంటూ కళ్ళొత్తుకున్నాడు. అది చూసి ఆస్థాన విదూషకుడు సింగన్న ఊరుకోలేకపోయాడు. "తొందరపడకండి సిద్ధాంతిగారూ" అని సరాసరి కోటకు నడిచాడు.

"ప్రభూ, రేపు గుడికి సంతవీధి గుండా వెళదాం. జనం మిమ్మల్ని కళ్ళారా చూసి తరిస్తారు. బంట్లు ముందుంటే మీ తేజస్సుకు అడ్డం. నోరు మూసుకుని వెనక నడవమనండి."

పొగిడితే పడిపోని రాజా ఆయన! "భేష్!" అన్నాడు.

ఆ రాజ్యంలో ఆనవాయితీ ఏమిటంటే, పల్లకి ముందు బంట్లు "తొలగండహో!" అని అరుస్తారు. అరుపు వినగానే జనం తలలు వంచుకుని పక్కకు తప్పుకుంటారు. అందుకే రాజు ముఖం సరిగ్గా చూసినవాళ్ళే లేరు. మర్నాడు అరుపు లేకుండా పల్లకి వచ్చేసరికి, ఎవరో పెళ్ళికొడుకు కాబోలనుకుని ఎవరి బేరాల్లో వాళ్ళు పడ్డారు. కుండల బండి అడ్డం తిరిగింది. గేదె ఒకటి తీరిగ్గా పల్లకికి వీపు రుద్దుకుంది. చల్లకుండ నెత్తిన పెట్టుకున్న ముసలమ్మ లోపలికి తొంగిచూసి, "ఈ వయసులో పెళ్ళేమిటి నాయనా! కాస్త పక్కకు జరుగు, నా చల్ల ఒలికిపోతుంది" అంది.

రాజు మండిపడ్డాడు. "సింగన్నా! ఏమిటీ అప్రతిష్ఠ? నేను వస్తుంటే దారి ఖాళీ కావద్దూ? ఇలా గుంపులో ఇరుక్కున్నవాడు రాజెలా అవుతాడు?"

"అవడు ప్రభూ" అన్నాడు సింగన్న వినయంగా. "సిద్ధాంతిగారు ఆ చుక్క గురించి అన్నదీ ఇదే. దానిదీ ఇలాంటి సంతవీధే. దానికి మీ పేరు పెడితే మీరు ఎల్లకాలం ఈ గేదెల మధ్యే తిరగాలి. ఆపైన మీ చిత్తం."

రాజు గేదెను చూశాడు. గేదె రాజును చూసింది. ఆయన మీసం అదిరింది. అంతే, పల్లకి ఊగిపోయేలా పగలబడి నవ్వాడు. కిందికి దిగి ముసలమ్మకు దారిచ్చి, ఆమె చల్లే తాగాడు. వెనకాలే మూటతో వస్తున్న సిద్ధాంతిని పిలిచి, "వేధశాల మీదే. ఏది గ్రహమో మీరు చెప్పండి, నేను వింటాను" అన్నాడు. తన బంగారు కడియం తీసి సింగన్న చేతికి తొడిగాడు.

సిద్ధాంతి మూట దించి కళ్ళు తుడుచుకుని, "గ్రహం కాకపోయినా చక్కని చుక్క ప్రభూ. సెలవైతే సింగన్న పేరు పెడతాను" అన్నాడు.

"ఏమోయ్, గేదెల మధ్య తిరగ్గలవా?" అన్నాడు రాజు.

"నాకేం ప్రభూ!" అన్నాడు సింగన్న, కడియం సర్దుకుంటూ. "ఒంటరిగా తిరగాలంటేనే నాకు పొద్దుపోదు."