తేనె ఒలకని నడక

చంద్రవంక అనే ఆడగుర్రానికి కోపంతో ఒళ్లు మండిపోతోంది. ఇంటి దగ్గర తన పిల్ల కడుపు ఉబ్బి గిలగిల్లాడుతోంది. మందాకు కొండ అంచున ఉంది, అక్కడికి కోతి తప్ప ఎవరూ పాకలేరు. పొద్దుగూకేలోపు అంత దూరం పోయి రావాలి. సరేనని కొమ్మలరాయుడనే కోతిని వీపున ఎక్కించుకుంటే, వాడు ఆమె నోట్లో తీగ కళ్లెం దూర్చి, డొక్కలో పొడవడం మొదలెట్టాడు.

“దౌడు తియ్యవే! జింకలు చూస్తున్నాయి. ఈ పెళ్లినడకేంటి, నా పరువు తీస్తున్నావు!”

“రాయుడూ, ఇది మా అమ్మ నేర్పిన నడక. వేగం తగ్గదు, వీపు కదలదు, ఆయాసం రాదు. పొద్దంతా ఇలాగే పోగలను. తీగ వదులుచేసి కుదురుగా కూర్చో, చాలు.”

“నాకే నేర్పుతావా?” అని వాడు తీగ గుంజాడు. చంద్రవంక నోటి మూల తెగింది.

ఏం చేస్తుంది, దౌడు తీసింది. వాగు దాటేసరికి నురగలు కక్కింది. కొండ ఇంకా ఎక్కడో ఉంది. ఇలాగైతే పిల్ల దక్కదు. వీణ్ణి కిందపడేసి తొక్కెయ్యాలనిపించింది. కానీ ఆకు కొయ్యాల్సింది ఆ దిక్కుమాలిన చేతులే! కోపం దిగమింగి, తేనె కారుతున్న ఓ చెట్టు కింద ఆగింది.

“బాబూ, మరిచాను. కొండమీద ఎలుగు కాపలా. దొప్పనిండా తేనె ఇస్తేనే పైకి పోనిస్తాడు. చుక్క ఒలికినా చీరేస్తాడు.”

రాయుడు గబగబా ఆకులతో దొప్ప చేసి తేనె నింపాడు. తీగ వదిలేసి, రెండు చేతులా దొప్ప పట్టుకుని బిగుసుకుపోయాడు. చంద్రవంక తన నడకలో సాగిపోయింది. కొండ చేరినా తేనె తొణకలేదు. ఎలుగూ లేదు, గిలుగూ లేదు. ఆకు కోసుకొచ్చి, తేనె తాగేసి, తిరుగుదారంతా వాడు ఆమె వీపుమీద గురకపెట్టాడు.

మందు పడగానే పిల్ల లేచి నిలబడింది. చుట్టూ మూగిన జంతువుల ముందు రాయుడు రొమ్ము విరిచాడు.

“నేను డొక్కలో పొడిచి దౌడు తీయించబట్టి బతికింది గానీ, దీని నడకకైతే చచ్చేది!”

చంద్రవంక కళ్లు ఎర్రబడ్డాయి. “ఓహో! అయితే ఎక్కరా, వీళ్లకీ చూపిద్దాం నీ దౌడు!”

వాడు ఎగిరెక్కి, బలంగా పొడిచాడు. ఆమె ఒక్క దూకు దూకింది. రాయుడు గాల్లో గిరగిరా తిరిగి నాగజెముడు పొదలో పడ్డాడు. “అమ్మో! ఎవరైనా తియ్యండర్రా!” అని కేకలు పెట్టాడు. ఒక్కరూ కదల్లేదు.

వీపు ఎక్కినంత మాత్రాన నడక మనదైపోదు.